అమ్మ విరిచిన ముక్క

అమ్మ నవ్వు, నడక మిగిలింది ఒక్క వీడియో క్యాసెట్‌లోనే. దాని మీద ఎవరూ ఇంకేదీ ఎక్కించకుండా, క్యాసెట్ అంచునుండే ప్లాస్టిక్ ముక్కను అమ్మే విరిచిపెట్టింది. చిన్నకూతురు ఆ చిల్లు మీద సెల్లోటేపు అంటించి, టీవీలో వచ్చిన పాత సినిమా ఎక్కించుకుంది. నెల తిరక్కుండానే అమ్మ పోయింది.

"క్యాసెట్ దొరికిందా అమ్మలూ?" అని నాన్న రోజూ అడుగుతాడు.

"వెతుకుతున్నా నాన్నా," అంటుంది.

ఓ రాత్రి నాన్న పడుకున్నాక, సినిమా చివర అమ్మ కాస్తయినా మిగిలిందేమోనని, సౌండు బాగా తగ్గించి క్యాసెట్ పెట్టింది. రైల్వే స్టేషన్ సీనులో, జనం వెనక బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది. ఇంట్లో కట్టుకునే ఆకుపచ్చ చీరే.

వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. ఈసారి బెంచీ ఖాళీగా ఉంది. అమ్మ జనాన్ని దాటుకుని ముందుకొచ్చి నిలబడింది. రైలు కదులుతోంది గానీ చప్పుడు లేదు.

"నాన్నకి చెప్పావటే?" అంది అమ్మ.

చిన్నకూతురు గబుక్కున టీవీ కట్టేసింది. గదంతా చీకటి. పక్కగదిలో మంచం కిర్రుమంది.

"మీ అమ్మ అడుగుతుంటే పలకవేంటమ్మా?" అన్నాడు నాన్న. "ఏంటి నాకు చెప్పాల్సింది?"