బోలు అర

ఇంటి మధ్య గుమ్మాన్ని మూసేస్తూ వడ్రంగి గోడ అల్మరా కడుతున్నాడు. అటువైపు వాటా అతని తమ్ముడిది. పంపకాలైనప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

తమ్ముడు వచ్చి బెత్తెడు మందం అర మీద గుద్దాడు. డబడబ మోగింది.

“పైకి ఇంత మందం, లోపలంతా బోలు. అచ్చం నీలాగే!”

“నిండు చెక్క వేస్తే బరువుకి వంగి చస్తుంది. తెలియకపోతే నోరు మూసుకో.”

తమ్ముడు తన వాటాలోంచి పాత పరుపు తెచ్చి చింపి, ఇంకా బిగించని పైపలక ఎత్తి అరలో దూది కుక్కడం మొదలుపెట్టాడు. “నీ గొంతు నా వాటాలోకి రాకూడదు.”

దుమ్ము లేచింది. తమ్ముడికి ఆయాసం తన్నుకొచ్చింది. మాట పెగల్లేదు. గోడ పట్టుకుని వంగిపోయాడు.

అన్న కిటికీ బార్లా తెరిచి, దూదినంతా పీకి బయటికి విసిరేశాడు. తమ్ముడి ఊపిరి కుదుటపడ్డాక విరుచుకుపడ్డాడు.

“ఆయాసం వస్తే కేకైనా వేయలేవు. పక్కన ఇంకో మనిషైనా లేడు. అప్పుడు నీ వైపు నుంచి ఈ చెక్క మీద కొట్టి ఏడు. దూది కుక్కితే నాకెలా వినబడుతుందిరా, దరిద్రుడా?”

తమ్ముడు వీధివైపు నుంచి తన వాటాలోకి పోయాడు. అన్న పైపలకకు జిగురు రాసి బిగించాడు.

అంతలో అటునుంచి అర దబదబా మోగింది.

అన్న సుత్తి పారేశాడు. “ఏమైందిరా?”

“ఏం కాలేదు. వినబడుతోందో లేదో చూశా.”

“వినబడింది. ఇక చావు!”