అంపైరు తీర్పు

“మా ఆవిడకి మతి చెడింది డాక్టర్‌గారూ! ఇందులో రెండో మాట లేదు. ఇవాళే చేర్చుకోండి!”

అంపైరు బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. మైదానంలో ఆయన వేలెత్తాడంటే ఎంతటి ఆటగాడైనా బ్యాటు చంకన పెట్టుకుని నడవాల్సిందే. అలాంటి మనిషికి ఈమధ్య ఇల్లే ఎదురు తిరిగింది.

“ఏం చేస్తున్నారావిడ?” అడిగింది డాక్టరమ్మ.

“ఏం చెయ్యట్లేదో అడగండి! నా తాళాలు దాచేస్తుంది. అన్నం పెట్టకుండానే పెట్టానని వాదిస్తుంది. ఇంకా పెళ్ళికాని పిల్లకి పెళ్ళి చేశామంటుంది! పైగా నాకు కోపం ఎక్కువైందట. నాకు!”

ఆ అరుపులోనే ఆయన మూతి ఓ పక్కకు లాగేసింది. కుడిచెయ్యి ఉలిక్కిపడ్డట్టు ఎగిరి, పట్టుకున్న గ్లాసులో నీళ్ళన్నీ చొక్కా మీద ఒలికాయి. పక్కనే నిలబడ్డ నర్సు గబుక్కున గ్లాసందుకుని, తువ్వాలుతో చొక్కా తుడిచింది. ఎంత ఓపిక, ఒక్క మాట ఎదురు చెప్పదు. మా ఆవిడా ఇలా ఉంటే ఎంత హాయి అనుకున్నాడు అంపైరు.

“చెయ్యి తరచూ ఇలా ఎగురుతోందా?”

“ఎండలో నిలబడీ నిలబడీ నరాలు పట్టేశాయి లెండి. నా సంగతి వదిలెయ్యండి. మా ఆవిడ సంగతి చూడండి.”

డాక్టరమ్మ స్కాను ఫిల్ము వెలుతురుకెత్తి చూసింది. “మతి చెడలేదండీ, మెదడు వాచింది. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ బలగమే దారి తప్పి సొంత మెదడు మీద పడింది. జ్ఞాపకాన్నీ కోపాన్నీ భయాన్నీ చూసుకునే చోటే దెబ్బ కొట్టింది. అందుకే ఈ మరుపు, ఈ అనుమానం. చాలామంది దీన్ని పిచ్చి అనుకుని విలువైన కాలం పోగొట్టుకుంటారు. మనం తొందరగానే పట్టుకున్నాం.”

“నే చెప్పలా!” అన్నాడు గర్వంగా. ఆ వెంటనే కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. “నయమవుతుందా?”

ఎంత చిందులు తొక్కినా, ఆవిడ లేకపోతే ఆయనకు పూట గడవదు. ఆ మాట ఆవిడతో ఏనాడూ అన్న పాపాన పోలేదు గానీ, అది నిజం.

“ఆ పూచీ నాది. వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్షకి పంపి, మందు ఇవాళే మొదలుపెడదాం.”

“అయితే త్వరగా పిలిపించండి. నాతోనే వచ్చింది, ఎటు పోయిందో! పాపం, దారి తెలియక ఏ మూల తిరుగుతోందో.” ఆయన ఆత్రంగా గుమ్మం వైపు చూశాడు.

నర్సు మొహం గోడవైపు తిప్పుకుంది. డాక్టరమ్మ లేచి వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఏడవకండమ్మా. మీ ఆయన మిమ్మల్ని మళ్ళీ గుర్తుపడతారు.”