సుద్ద గీత

"ఈ పీపాలో పోసిందెవరు?"

అన్సెల్మ్ ముసలాయన అరుపుకి నేలమాళిగ మెట్ల మీద పడుకున్న పిల్లి కూడా లేచి పారిపోయింది. ఆయన వేలి కణుపులతో పీపాని మళ్ళీ కొట్టి చూశాడు. పై భాగం డొల్లగా మోగాలి. మోగలేదు. నిండు కడవలా దబ్ దబ్ మంది.

జురా కొండల్లో పసుపు వైన్ చేసే ఇంట్లో ఇంతకన్నా ఘోరం లేదు. సవాన్యా ద్రాక్ష వైన్ పీపాలో పోశాక ఆరేళ్ళ మూడు నెలలు దాని జోలికి పోకూడదు. ఇగిరినంతా ఇగరనివ్వాలి. పైన పాల మీగడలాంటి తెర కడుతుంది. ఆ తెర చాటునే దానికి ఆ రంగూ, ఆ వాసనా వస్తాయి. మళ్ళీ పోశారా, తెర మునిగిపోతుంది, అంతే సంగతులు. పక్కనున్న మామూలు తెల్ల వైన్ పీపాల సంగతి వేరు. వాటిని ప్రతి గురువారం అంచుదాకా నింపాలి, నింపినదాని మీద సుద్దతో గీత గీయాలి.

ఆయన గొట్టంతో కాస్త తీసి నోట్లో వేసుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

"అక్రోటు వాసన ఏదీ? ఐదేళ్ళు దాచాను దీన్ని! ఇంకో ఏడాది ఓపిక పడితే అయిపోయేది!" కోడలు మరియెట్ వైపు తిరిగాడు. "పట్నం పిల్లవి. ఏది నింపాలో, ఏది నింపకూడదో నీకేం తెలుసు?"

"నేను ముట్టుకోలేదు మామయ్యా. ఒట్టు."

"మరి దయ్యాలు పోశాయా? తాళంచెవులున్నవి ముగ్గురి దగ్గర. నేనైతే పొయ్యను గదా! ఎవరు పోశారో వాళ్ళు తాళంచెవి ఇక్కడ పెట్టి పొండి. మళ్ళీ ఈ గడప తొక్కడానికి వీల్లేదు."

మరియెట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పని నేర్చుకోవాలనే పట్నంలో ఉద్యోగం మానేసి వచ్చిన పిల్ల. ఇక్కడికే రావద్దంటే ఇంకెక్కడికి పోతుంది?

పీపా వెనకనుంచి ఆయన భార్య హోర్తాన్స్ మోకాలు పట్టుకుని మెల్లగా లేచింది.

"నేనే పోశాను," అంది.

"నువ్వా? నలభై ఏళ్ళుగా ఈ కొంపలో ఉండి?"

"మతిలేక పోశాను. అరవకు, ఆయాసం వస్తుంది."

"ఆ పిండి కొట్టుకుపోయిన ఏప్రనూ నువ్వూ వంటింట్లోనే ఉండండి, పో!" అని తాళంచెవి లాక్కున్నాడు. ఆమె ఏప్రన్ నిండా తెల్లటి మరకలే.

మధ్యాహ్నం మీగడా, కొండ పుట్టగొడుగులూ, పాత సీసాలోని పసుపు వైనూ పోసి వండిన కోడికూర వడ్డించింది.

"ఏవే, అదరగొట్టావే! ఈ కోడికి ఈ వైన్ తప్ప ఇంకోటి పనికిరాదు," అంటూ అన్సెల్మ్ కడుపునిండా తిన్నాడు. తర్వాత కొండ జున్ను ముక్కలు కోసుకుని, అక్రోట్లు పగలగొట్టుకుంటూ కూర్చున్నాడు. పొద్దుటి కోపం ఎటు పోయిందో!

హోర్తాన్స్ ఏమీ తినలేదు. కుర్చీలో వాలిపోయింది.

"నిజంగా మీరేనా అత్తయ్యా?" అని మరియెట్ గుసగుసగా అడిగింది.

"ముందు తిను."

అంతలో అన్సెల్మ్ తెల్ల వైన్ కూజా పట్టుకుని లేచాడు.

"ఇవాళ గురువారం గదా! కబుర్లలో పడి మర్చేపోయాను."

ఈల వేసుకుంటూ నేలమాళిగలోకి దిగాడు. అత్తాకోడళ్ళు వెనకే వెళ్ళారు. హోర్తాన్స్ గడప దగ్గరే ఆగిపోయింది.

లోపల ఆయన మిగతా పీపాలన్నీ దాటుకుని, పొద్దున అరిచిన పీపా దగ్గరికే పోయి మూత తీశాడు.

"అయ్యో, తగ్గిపోయావే!" అని ముద్దుగా రెండు చుక్కలు పోసి, జేబులోంచి సుద్ద తీసి చక్కగా ఓ గీత గీశాడు.

హోర్తాన్స్ తన ఏప్రన్ విప్పి, అంచు తడిపి కోడలి చేతిలో పెట్టింది.

"ఆయన పైకొచ్చాక నువ్వెళ్ళి ఆ గీత చెరిపెయ్యమ్మా. నన్నిక లోపలికి రానివ్వరుగా."