వంకరపోని కుట్టు

“అక్కా, రేడియో పెంచు, మా పాటే!”

రాక్ పాటకి డాన్సు క్లబ్బుల మోత కలిపేసరికి, డ్రమ్మర్ తమ్ముడి బ్యాండుకి ఇన్నాళ్లకి పేరొచ్చింది.

అక్క కుట్టుమిషన్ ఆపలేదు. పాట అయిపోయాక గుడ్డ ఎత్తి చూసింది.

“నీకు హుషారొస్తే చెయ్యి పరిగెడుతుంది. దాంతోపాటు మిషన్ తొక్కే నా కాలూ పరిగెత్తి కుట్టు వంకరపోయేది. ఎన్నిసార్లు తిట్టానో! ఇవాళ గీత గీసినట్టొచ్చింది. ఇందులో నువ్వు లేవు కదరా?”

తమ్ముడు తల దించుకున్నాడు. “డ్రమ్స్ కంప్యూటర్‌తో కొట్టించారక్కా.”

ఆమె రేడియో కట్టేసింది. “నువ్వు వాయించు. వంకరపోతే పోనీ.”

అతను బల్లమీద వేళ్లతో వాయించాడు. ఆ దరువుకే ఆమె కుట్టింది.

గుడ్డ ఎత్తి చూస్తే, ఈసారీ గీత గీసినట్టే ఉంది. తమ్ముడి చేతిలో ఆ పరుగు లేదు.