మోగని ఇనుము

నాలుగు పాత స్టీరింగులు గోడకి వరసగా ఆనించి పెట్టాడు మంగరాజు.

"వీటిలో జీపుది ఏది?" అడిగాడు ప్రద్యుమ్న.

మంగరాజు బుర్ర గోక్కున్నాడు. నర్సీపట్నంలో అతనిది పాత ఇనుము కొట్టు. మూతబడిన ఒక షెడ్డు సామానంతా కిందటి నెల టోకున కొన్నాడు. ఏది ఏ బండిదో అతనికీ తెలియదు. ప్రద్యుమ్నేమో ఆ సామాను కోసమే విశాఖపట్నం నుంచి వచ్చాడు. మూలపడ్డ పాత బండ్లని బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించడం ఆయనకి పిచ్చి.

"ఎడం పక్కనుంచి రెండోది బావూ."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గేటు దగ్గర ఒక ముసలాయన. మోకాళ్ళ పైకి పంచె, చంకలో గోనెసంచి.

"మీకెలా తెలుసండీ?"

"మూడు కడ్డీలది జీపుదే. అరుగుదల సూడండి. ఘాటీలో మలుపు మలుపుకీ తిప్పితే ఇలగైపోద్ది. ఇది సినిమా పబ్లిసిటీ జీపుది. మైకు కట్టుకొని సింతపల్లి సంతదాకా ఎల్లీది."

మంగరాజు ఉలిక్కిపడ్డాడు. ఆ జీపు వెనక రంగు కాగితాల కోసం చెప్పుల్లేకుండా పరిగెత్తిన పిల్లల్లో తనూ ఒకడు.

"మరి ఈ తెల్లది?" ఆత్రంగా అడిగాడు.

"డాక్టరమ్మ గారి ఫియట్ కారుది. పురుళ్ళకని కొండ మీదకెల్లీవోరు. దారిలో గేదె పడుకుంటే హారను కొట్టీవోరు కాదు. అది లేసేదాకా ఆగీవోరు."

మంగరాజు స్టూలు వేశాడు. టీ తెప్పించాడు. గంటసేపు ఆ తుప్పు కుప్పలోంచి, ఒకప్పుడు ఊళ్ళో తిరిగిన బండ్లన్నీ ఒక్కొక్కటే లేచొచ్చాయి.

"ఏ వూరు తాతా మీది?"

"కృష్ణదేవిపేట."

ఇంతలో ప్రద్యుమ్న కుప్ప అడుగునుంచి మూరెడు ఇనప ముక్క ఒకటి లాగాడు. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలని తిప్పే ఆర్మ్ అది.

"దీనికోసం మూడేళ్ళుగా తిరుగుతున్నాను!"

ముసలాయన దాన్ని అందుకున్నాడు. స్పానరుతో ఒక్క దెబ్బ కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహం మారిపోయింది.

"ఇది వొద్దు బావూ. మోగట్లేదు. పగిలింది."

"పగులేదీ?" అన్నాడు మంగరాజు.

"కంటికి కనబడదు. నాకిచ్చీ. తూకానికి కొనుక్కుంటాను."

మంగరాజు మనసు చివుక్కుమంది. వంక పెట్టి చవగ్గా కొట్టేసే బ్రోకర్లని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాడతను.

"ఏటి తాతా, కబుర్లన్నీ ఈ బేరం కోసమేటి?"

"మా మెకానిక్కు చూసుకుంటాడు లెండి," అని ప్రద్యుమ్న ఫోను రావడంతో పక్కకి వెళ్ళాడు.

మంగరాజు స్టీరింగులు కట్ట కట్టి తల ఎత్తేసరికి ఆర్మ్ లేదు. ముసలాయన గేటు దాటుతున్నాడు.

పరిగెత్తి పట్టుకున్నాడు. గోనెసంచి లాగాడు. ఆర్మ్ ఠంగుమనకుండా, దబ్బుమని కింద పడింది.

"దొంగ సచ్చినోడా! ఇందుకేనా వొచ్చినావు?"

మంగరాజు తోసిన తోపుకి ముసలాయన రోడ్డు మీద పడ్డాడు. టీ కొట్టు దగ్గరివాళ్ళు మూగారు. ఎవరో నవ్వారు.

ఆయన లేచి మట్టి దులుపుకున్నాడు.

"దొంగననే అనుకో బావూ. అది మాత్రం ఏ బండికీ బిగించకండి."

షేరాటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆర్మ్ ప్రద్యుమ్నతో విశాఖపట్నం వెళ్ళింది.

పదిరోజుల తరవాత ప్రద్యుమ్న ఫోను చేశాడు.

"మంగరాజూ, ఆ ఆర్మ్‌ని మా మెకానిక్కు కిరసనాయిలులో ముంచి, తుడిచి, సుద్దపొడి రాశాడు. వెంట్రుకంత పగులు నల్లగా తేలింది. బిగించి ఉంటే మొదటి ఘాటీలోనే రెండు ముక్కలయ్యేది. పిల్లల్ని ఎక్కించుకొని లంబసింగి వెళ్దామనుకున్నాను. ఆయన్ని ఒకసారి చూడాలి."

మంగరాజు కొట్టు మూసి, అప్పటికప్పుడు బండి తీశాడు.

కృష్ణదేవిపేటలో గుర్తులు చెప్పగానే, 'ఇనుము తాత' ఇల్లని చూపించారు. అరుగు మీద ఫొటో, ఫొటోకి దండ. కింద 'అప్పలకొండ' అని రాసి ఉంది. ఆ రోజు పేరు కూడా అడగలేదు తను.

"నిద్దట్లోనే పోనారు బావూ, ఆరు రోజులైంది," అంది ఆయన భార్య జోగులమ్మ. "నువ్వెవరు?"

"నర్సీపట్నంలో పాతినుం కొట్టమ్మా నాది. ఒక మాట సెప్పినారు. నాను ఇనలేదు."

ఆమె పెరట్లోకి తీసుకెళ్ళింది. ఎండిపోయిన నుయ్యి. అడుగునుంచి, గట్టుకి బారెడు దూరం దాకా నిండా ఇనుమే. ఆర్ములు, రాడ్లు, చక్రాల బోల్టులు.

"ఏటమ్మా ఇవన్నీ?"

"పగిలినవంట. అనకాపల్లి కాణ్ణించి ఎక్కడ పాతినుం కొట్టుంటే అక్కడికెల్లి, మోగించి సూసి, కొనీసి తెచ్చి ఇందులో పడీసీవోరు. 'ఇవి మల్లీ ఏ బండీ ఎక్కకూడదే' అనీవోరు. పింఛనంతా దీనికే."

మంగరాజు నూతి గట్టు మీద కూలబడ్డాడు.

"ఇంత పనితనం... ఏ షెడ్డులో మేస్త్రీగా సేసీవోరమ్మా?"

"మేస్త్రీ ఏటి బావూ, ఆయనకి సైకిలు తొక్కడమే రాదు. ఘాటీ రోడ్డు మీద రాళ్ళు కొట్టే కూలీ, సుత్తి మోతని బట్టే పగులు పట్టీసీవోరు. ఇలాంటి పగిలిన ముక్క ఇరిగి లోయలో బండి పడ్డప్పుడల్లా నడుముకి తాడు కట్టుకొని దిగి, మనుషుల్ని భుజాన మోసుకొచ్చింది ఆయనే."