ఎదురొచ్చిన మనిషి

కొత్తపేటలో బండి దిగి నాలుగడుగులు వేశాడో లేదో, పోలిరాజుకి ఓ ముసలి విధవ ఎదురైంది.

ఇంకేముంది, గిర్రున తిరిగొచ్చి బండిలో కూర్చున్నాడు. మరచెంబులో నీళ్ళు రెండు గుక్కలు తాగాడు. కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరితే అపశకునం పోతుందని వాళ్ళింటి నమ్మకం.

ముసలామె బండి దగ్గరికే వచ్చింది.

“కుక్కపిల్ల కోసమాండీ బాబుగారూ? ఒక్క మాట చెప్పాలండి...”

“శుభమా అని పనిమీదొస్తే ఎదురొచ్చింది చాలక, మాటలు కూడానా? తప్పుకో!”

ఆమె తప్పుకుంది. తప్పుకోవడం ఆమెకి అలవాటే అనిపించింది.

పోలిరాజుది గన్నవరం అవతల ఊరు. దొరలు దేశం వదిలి వెళ్ళిన మరుసటి ఏడాది అది. దొరలు పోయినా దొరల కుక్కల మీద మోజు పోలేదు. లేకలేక పుట్టిన కూతురు సావిత్రి, జాతి కుక్కపిల్ల కావాలని అన్నం మానేసి కూర్చుంది. ఎవరి దగ్గర కొంటే మోసం ఉండదని పదిమందినీ అడిగితే, పదిమందీ కొత్తపేట తాతబ్బాయి పేరే చెప్పారు.

తాతబ్బాయి బుట్ట మీద గోనె తీశాడు. ఒక్కటే పిల్ల మిగిలింది. నల్లటి వీపు, దిట్టమైన కాళ్ళు.

“అసలైన ఆల్సేషనండి. ధవళేశ్వరం దొరగారి కుక్క సంతానం.”

“తల్లేదీ?”

“తోట కాపలాకని మా బావమరిది పట్టుకెళ్ళేడండి. మళ్ళీ వచ్చినప్పుడు చూపిత్తానండి.”

తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమని ఊళ్ళో ప్రతి పెళ్ళికీ చెప్పే పెద్దమనిషి పోలిరాజు. ఆ నీతి కుక్కపిల్ల దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు.

“పేరున్నవాడివి. నీ మాట చాల్లే.”

ముసలామె దడి అవతల నిలబడి చూస్తోంది.

“ఎవరావిడ?”

తాతబ్బాయి అటు తిరగలేదు.

“ఎవరో పిచ్చిదండి. ఇక్కడిక్కడే తిరుగుతుంటాది. పట్టించుకోకండి.”

ఇంటికొచ్చిన రెండో నాడే కుక్కపిల్ల పాలు ముట్టడం మానేసింది. తల్లి మీద బెంగ అనుకున్నారు. దాని గొంతు బొంగురుపోయింది. మూతి నుంచి ఒకటే చొంగ.

మధ్యాహ్నం సావిత్రి అరుగు మీద కూర్చుని, వేలు పాలలో ముంచి దాని మూతి దగ్గర పెట్టబోయింది.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ ముసలామె! కుక్కపిల్లను లాక్కుని ఇంటి ముందు కాలువలోకి దిగిపోయింది.

కూతురి కేకలకు పోలిరాజు పరుగెత్తుకొచ్చాడు. ముసలామె మొలలోతు నీళ్ళలో నిలబడి, కుక్కపిల్లను ముంచి పట్టుకుంది. దాని పళ్ళు ఆమె మణికట్టులో దిగి ఉన్నాయి. నీళ్ళు ఎర్రబడుతున్నా చెయ్యి తీయలేదు. పసిబిడ్డకు జోకొడుతున్నట్టు గొణుగుతోంది.

“అయిపోయిందమ్మా... అయిపోయింది...”

పాలేర్లు ఆమెను గట్టు మీదికి ఈడ్చారు.

“చేతబడి చేస్తున్నావా నా ఇంటి మీద?”

ఆ మాట ఆమె విననేలేదు. సావిత్రి వైపు పాకింది.

“నిన్ను కరిచిందా తల్లీ? పోనీ గీరిందా?”

సావిత్రి ఏడుస్తూనే లేదని తలూపింది.

ముసలామె నవ్వింది. ఆ నవ్వు చూసి పోలిరాజుకి ఒళ్ళు మండిపోయింది. చెంప పగిలేలా కొట్టాడు.

“రాజుగారూ, అది...”

“నోరెత్తనివ్వకండ్రా! అవతలి గట్టున దింపి రండి.”

పడవలో కూర్చుని కూడా ఆమె సావిత్రినే చూస్తోంది. ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆనాటి నుంచి రేవులో కాళ్ళు కడుక్కోబోతే పోలిరాజుకి ఆ ముఖమే కనిపించేది. దడుపనుకుని తాయెత్తు కట్టించుకున్నాడు. తాయెత్తు కట్టుకున్న చేతిని నీళ్ళలో ముంచినా గొణుగుడు వినిపించేది. అయిపోయిందమ్మా, అయిపోయింది. భయమేసేది. ఎందుకో సిగ్గు కూడా వేసేది. ఎవరికీ చెప్పుకోలేదు.

వేసవి దాటాక, కూతురి పోరు పడలేక మళ్ళీ కొత్తపేట వెళ్ళాడు.

తాతబ్బాయి దొడ్లో కుక్కల అలికిడి లేదు. తాతబ్బాయి గుండుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“తిరుపతి వెళ్ళొచ్చావేమిటోయ్? ఇంకో పిల్ల కావాలి. ఆ పిచ్చిముండ మా ఇంటికొచ్చి...”

మాట పూర్తి కాకుండానే తాతబ్బాయి కాళ్ళ మీద పడ్డాడు.

“తల్లి కుక్కకి పిచ్చెక్కిందండి. పాలు తాగే కుక్కపిల్లల్ని కూడా కరిచేసిందండి. దాన్ని చంపి తోటలో పూడ్చేసేను. పేరు పోతుందని సంగతి దాచి పిల్లల్ని అమ్మేసేనండి.”

పోలిరాజు చేతికున్న తాయెత్తు తడుముకున్నాడు.

“కొన్నవాళ్ళ ఇంటింటికీ ఆవిడే వెళ్ళిందండి. బోసి నుదురు చూసి ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు. చెప్తే వినలేదు. అందుకే అన్నిట్నీ ఎత్తుకెళ్ళి చంపేసిందండి. ఆఖరిది మీదేనండి.”

“ఆవిడేదీ? ఎక్కడుంది?”

“ఆఖర్న నీళ్ళ చెంబు చూపిస్తే కేకలేసేదండి. దాహం దాహం అంటూనే పోయిందండి. ఒకటే అడిగేది, రాజుగారమ్మాయి బాగుందా అని.”

పోలిరాజు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తన దగ్గర చెంపదెబ్బ తిని వెళ్ళిన ఆ మనిషికి, తన బిడ్డంటే అంత ఆపేక్ష ఎందుకో అర్థం కాలేదు.

“ఇంతకీ ఎవరోయ్ ఆవిడ నీకు?”

తాతబ్బాయి తలెత్తలేదు.

“మా అమ్మండి.”