ఉదయం ఆరు గంటల రీడింగు

"పొద్దున్నే ఆరింటికి నలభై డిగ్రీలా? తెల్లవారుజామున నేను దుప్పటి కప్పుకున్నానండీ" అంది మాస్టారి భార్య.

"నీ ఒళ్ళు చెప్పేది వేరు, మీటరు చెప్పేది వేరు" అన్నారు మాస్టారు, గోడమీది మీటరు నుంచి చూపు తిప్పకుండా.

ఈ వాదన మొదలై ఇరవై రోజులు. అమ్మాయికి ఆడపిల్ల పుట్టీ అన్నే రోజులు. ఏడు గంటల బస్సెక్కితే మధ్యాహ్నానికి మనవరాలు ఒళ్ళో ఉంటుంది. కానీ పోయిన వేసవిలో ఆవిడ బస్సులోనే వడదెబ్బకి సొమ్మసిల్లింది. అందుకని, ఆరింటి రీడింగు ముప్పైలోపుకి దిగిన రోజే ప్రయాణమన్నారు మాస్టారు. పొద్దుటిపూట చల్లగానే ఉంటుందిగా అని ఆవిడ సరేనంది. అక్కడే బోల్తా పడింది.

మీటరుకి వేడి తెలిపే తీగ పెరటి చివర ఉన్న తెల్లపెట్టెలోకి వెళ్తుంది. రిటైరయ్యాక పాత బీరువా చెక్కతో మాస్టారే చేసుకున్న పెట్టె. మనిషి ఒంటి వేడి తగిలితే లెక్క తప్పుతుందని దాని దరిదాపులకి ఎవర్నీ వెళ్ళనివ్వరు.

"దాని తలుపు గడియైనా బిగించండి. ఊడి వేలాడుతోంది."

"గాలి ఆడటానికి మంచిదేలే."

"పేపర్లో ఇరవయ్యేడని వేశారు నాన్నా" అన్నాడు కొడుకు.

"వాళ్ళది ఊరి లెక్క. మనది పెరటి లెక్క." మాస్టారు నోటుపుస్తకం తెరిచారు. "రాత్రీ పగలూ నలభయ్యే. మధ్యాహ్నం మీరంతా కునుకు తీసేటప్పుడు పావుగంట మాత్రం రెండు డిగ్రీలు తగ్గుతుంది. మబ్బు ప్రభావం."

"మబ్బెక్కడుంది నాన్నా?"

"కనిపించేవే మబ్బులనుకోకు."

"లేని మబ్బులు కనిపిస్తాయి గానీ, నా నల్లకోడి ఏమైందో మాత్రం మీ నాన్నకి పట్టదు" అంది ఆవిడ. కోడి మాయమైనప్పటి నుంచీ పక్కింటావిడతో మాటల్లేవు. వాళ్ళ పిల్లి మీద అనుమానం.

మర్నాడు పొద్దున్న, రాత్రి సర్దిన సంచీని రోజూలాగే విప్పబోతూ ఆవిడ ఆగింది. మాస్టారు మీటరు ముందు నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. పెట్టుకుని మళ్ళీ చూశారు.

ఇరవై ఎనిమిది.

నోటుపుస్తకంలో 'వడగాడ్పులు ముగిసినవి' అని రాసి, కలానికి మూతపెట్టి, ఇంట్లో అందరికీ వినపడేలా నెమ్మదిగా చెప్పారు.

"సంచీ విప్పకు. ఇవాళే వెళ్తున్నాం."

ఆవిడ చెప్పులేసుకుని, గడియ పెట్టొద్దామని పెరటి తలుపు దగ్గరికి వెళ్ళింది.

నల్లకోడి వెనకాలే, తెల్లపెట్టెలోంచి తొమ్మిదో పిల్ల కిందికి దూకింది.